నాలుగున్నర కిలోల కుక్క, తొమ్మిది గంటల ఒంటరితనం

గోళీ వాళ్ళ అమ్మ:

మా గోళీకి రెండేళ్ళు. బరువు నాలుగున్నర కిలోలు. ఏ జాతి అని అడిగితే చెప్పలేను; మూతి ఒకరిది, చెవులు ఇంకొకరివి, తోక మాత్రం ఎవరిదీ కాదు. ఏడాదిన్నర పాటు నేను ఇంటి నుంచే పనిచేశాను కాబట్టి అది నా కుర్చీ కిందే పెరిగింది. చక్రం దాని తోక మీదికి ఎక్కకుండా ఒకసారి కిందికి చూసి జరగడం ఎంత అలవాటైపోయిందంటే, ఇప్పుడు ఆఫీసులో కూడా అలాగే చూస్తున్నాను. పక్కన కూర్చునేవాళ్ళు ఏమైనా పడిపోయిందా అని అడుగుతున్నారు.

మూడు వారాల క్రితం ఆఫీసుకు రమ్మన్నారు. ఉదయం 8.30కి బయలుదేరితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రం 5.30కి. ఇంట్లో మేమిద్దరమే.

మొదటి రోజు తిరిగివచ్చి తలుపు తీస్తే ద్వారబంధం కింది మూల రంగు ఊడిపోయి లోపలి చెక్క కనబడుతోంది. గుమ్మం దగ్గర మడుగు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు తప్ప ఇంట్లో ఎప్పుడూ తడపని కుక్క అది. తిండి గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను చెప్పులు విప్పి లోపలికి వచ్చాక అప్పుడు తింది. ఇప్పటికీ ఇదే వరస. పోయిన వారం పక్కింటావిడ వచ్చి, "మీ కుక్కకు ఒంట్లో బాగుండటం లేదా అండీ?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. కానీ వెళ్తూ వెళ్తూ, "మీరు వెళ్ళగానే మొదలవుతుంది" అన్నారు. ఆ 'వెళ్ళగానే' అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు.

నిన్న నాకు ఓపిక నశించింది. ఊడిన చెక్క ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి "ఏమిటిది?" అని అరిచాను. చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు పక్కకు తిప్పుకుని, మంచం కిందికి పోయింది. తప్పని తెలిసే చేసిందనిపించింది. కాసేపటికి నేనే మంచం కింద తల దూర్చి బతిమాలుకున్నాను.

వదిలి వెళ్ళానన్న కోపంతో ఇలా చేస్తోందా? క్రేట్‌లో, అంటే ఊచల బోనులో పెట్టి వెళ్ళమని ఒకరు, తోడుగా ఇంకో కుక్కను తెచ్చుకోమని మరొకరు సలహా ఇచ్చారు. ఏది చేయను? అసలు ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసేవాళ్ళు కుక్కను పెంచుకోకూడదా? నన్ను తిట్టినా సరే, నిజం చెప్పండి.

రేడియో మనిషి:

ఇంత ఆలోచించకండి. రేడియో పెట్టి వెళ్ళండి, మనుషుల గొంతులు వినబడుతుంటే చాలు. కుక్కలు ఎలాగూ రోజులో సగం నిద్రలోనే ఉంటాయి. మాది రెండు వారాలు ఏడ్చి ఊరుకుంది.

మూడు కుక్కల ముసలాయన:

అమ్మా, ముందు ఆ చెక్క ముక్క పారేయండి.

చెవులు వాల్చింది తప్పు ఒప్పుకుని కాదు, మీ గొంతు విని, మీ ముఖం చూసి. ఉదయం కొరికిన చెక్కకూ సాయంత్రం పడిన చీవాట్లకూ దాని బుర్రలో ముడి పడదు. ముడి పడేది ఒక్కటే: అమ్మ ఇంటికి వస్తే ఏదో జరుగుతుంది. వెళ్ళినా భయం, వచ్చినా భయం అయితే ఇక దానికి రోజులో మిగిలేది ఏముంది? కక్ష కట్టడం మన విద్య, కుక్కలకు రాదు.

రేడియో పెట్టడంలో తప్పు లేదు, బయటి చప్పుళ్ళు కాస్త తగ్గుతాయి. కానీ 'రెండు వారాలు ఏడ్చి ఊరుకుంది' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరుకోవడం వేరు, ఊరడిల్లడం వేరు. ఎంత అరిచినా ఎవరూ రారని తెలిసి ఊరుకున్న కుక్కను నేను పెంచాను. తప్పు నాదే కాబట్టి చెబుతున్నాను.

దాని పేరు మిరియం. ఆరు కిలోలు, నల్లగా ఉండేది. బుద్ధిగా ఇల్లు కాస్తుందని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు మా అబ్బాయి పాత ఫోనును పుస్తకాల మధ్య నిలబెట్టి రికార్డు చేసి చూపించాడు. నేను తలుపు వేశాక అది ఒక ముందుకాలు పైకెత్తి, కదలకుండా నాలుగు నిమిషాలు నిలబడింది. ఆ కాలు దించలేదు. తర్వాత వచ్చి తలుపు కింది సందులో ముక్కు పెట్టింది. ఊపిరి తగిలిన చోట నేల మీద ఆవిరి మచ్చ పడుతోంది, ఆరుతోంది, మళ్ళీ పడుతోంది. పదకొండో నిమిషంలో తలెత్తి ఊళ పెట్టింది. నా కుక్క ఊళ పెట్టగలదని అప్పటిదాకా నాకు తెలియదు. అప్పటికి అది ఎనిమిదేళ్ళది.

కాబట్టి ముందు మీరు చేయాల్సింది అదే. గుమ్మం కనబడేలా ఫోను పెట్టి మొదటి 40 నిమిషాలు రికార్డు చేయండి. సాధారణంగా అసలు సంగతంతా మొదటి అరగంటలోనే బయటపడుతుంది. విసుగెత్తిన కుక్క వేరు, భయపడిన కుక్క వేరు. విసుగెత్తింది మీరు వెళ్ళగానే ఓ కునుకు తీసి, గిన్నె ఖాళీ చేసి, ఏ మధ్యాహ్నానికో లేచి ఒక దిండు అంతు చూస్తుంది. భయపడింది తిండి ముట్టదు. వేడి లేకపోయినా నాలుక చాచి రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, తలుపుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. కొరకడం కూడా మీరు వెళ్ళిన దారినే కొరుకుతుంది. మీ గోళీ మెత్తని సోఫాను వదిలేసి ద్వారబంధం మీద పడిందంటే నేనైతే భయమే అంటాను. అయినా మీ కళ్ళతో మీరు చూడండి.

భయమే అయితే క్రేట్ జోలికి వెళ్ళకండి. క్రేట్‌ను తన గూడుగా అలవాటు చేసుకున్న కుక్క సంగతి వేరు. భయంలో ఉన్నదాన్ని కొత్తగా అందులో పెట్టి గడియ వేస్తే ఊచలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటుంది, గోళ్ళు ఊడగొట్టుకుంటుంది. ఇంకో కుక్క కూడా వద్దు. దాని బెంగ కుక్క లేదని కాదు, మీరు లేరని. రెండోది వస్తే ద్వారబంధానికి రెండో మూల కూడా పోయే అవకాశం ఉంది.

ఇక మందు. మీరు వెళ్తున్నారని దానికి తలుపు దగ్గర తెలియదు, చాలా ముందే తెలుస్తుంది. తాళాలు గలగలమన్నప్పుడో, సంచి భుజానికి వేసుకున్నప్పుడో దాని గుండె వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. అందుకని రోజుకు పదిసార్లు తాళాలు తీసి, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోండి. చెప్పులు వేసుకుని టీవీ చూడండి. వాటికి అర్థం లేదని దానికి తెలిసేదాకా చేయండి. తర్వాత తలుపు బయట అయిదు సెకన్లు. పది. మళ్ళీ మూడు. మళ్ళీ ఇరవై. ఎప్పుడూ పెంచుకుంటూ పోవద్దు, మధ్యమధ్య తగ్గించాలి. లేకపోతే ప్రతిసారీ ముందటికంటే కష్టమే వస్తుందని అది పసిగడుతుంది. అరుపు మొదలవకముందే మీరు తిరిగి రావాలి. వచ్చాక పండగ చేయకండి, మామూలుగా లోపలికి రండి.

ఇందులో కష్టమైన భాగం ఒకటుంది. ఈ సాధన సాగినన్నాళ్ళూ అది తట్టుకోగలిగినంతకు మించి ఒంటరిగా వదలకూడదు. పొద్దున అయిదు నిమిషాలు నేర్పి, ఆ తర్వాత తొమ్మిది గంటలు వదిలేస్తే నేర్పిందంతా కొట్టుకుపోతుంది. ఎవరినైనా అడగండి. అడగడం నాకు కూడా నామోషీగానే అనిపించింది.

కట్లు కట్టే చెయ్యి:

పశువైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పెద్దాయన చెప్పిన వరస సరిగ్గా ఉంది, రెండు మూడు మాటలు కలుపుతాను.

ఇంట్లో తడపని కుక్క ఉన్నట్టుండి తడుపుతోందంటే ముందు మూత్ర పరీక్ష చేయించండి. మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ ఉంటే మీరు ఎన్నిసార్లు తాళాలు గలగలలాడించినా లాభం లేదు. అది తేలాక మిగతావి. భయం తీవ్రంగా ఉన్న కుక్కలకు డాక్టర్లు ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమైన్ లాంటి మందులు రాస్తారు. అవి మత్తుమందులు కావు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, సాధనతో పాటు వాడితేనే ఉపయోగం. మనుషుల మాత్ర సగం విరిచి వేసినవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

భయం లేని కుక్కకైనా తొమ్మిది గంటలు ఎక్కువే. ఎదిగిన కుక్క ఆరేడు గంటలు మూత్రం ఆపుకోగలదు కదా అని రోజూ ఆపుకోమనడం న్యాయం కాదు. మధ్యలో ఒకసారి ఎవరైనా బయటికి తీసుకెళ్ళేలా చూడండి. పిల్ల కుక్కలున్నవాళ్ళు ఇది చదువుతుంటే, నెలకో గంట అని ఉజ్జాయింపు లెక్క పెట్టుకోండి: మూడు నెలల పిల్ల మూడు గంటలు, అదీ కష్టం మీద. మరీ చిన్న జాతుల పిల్లలు ఎక్కువసేపు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి. రోజంతా వదిలి వెళ్ళే మాటే వద్దు.

వెళ్ళేముందు దాని ఎత్తుకు వంగి ఇంటిని చూడండి. మా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలా వరకు నేల మీద పెట్టిన చేతిసంచి వల్ల వచ్చినవే. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం నాలుగున్నర కిలోల కుక్కకు చాలా ప్రమాదం. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కూడా అందకూడదు. వేలాడే కరెంటు తీగలు పైకి కట్టండి. కిటికీలోంచి చూడటానికి సోఫా మీది నుంచి ఎగిరి దూకే అలవాటుంటే ఒక మెట్టులా ఏదైనా వేయండి. మోకాలి చిప్ప పక్కకు జారే బాధ చిన్న కుక్కల్లోనే ఎక్కువ. ఒంటరిగా ఉన్నప్పుడు మెడ బెల్టు తీసేస్తే ఎక్కడా చిక్కుకోదు.

దిండ్లు పోయిన ఇల్లు:

మాది విసుగెత్తిన రకం. భయం లేదు, పని లేదు. ఫోనులో చూస్తే పదకొండింటి వరకు నిద్ర, తర్వాత దిండు. మేము మార్చింది ఉదయం నడక ఒక్కటే. అంతకుముందు గొలుసు పట్టుకుని గబగబా ఈడ్చుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు అరగంటలో దూరం ఎంత వెళ్ళామన్నది పట్టించుకోం, ప్రతి స్తంభం దగ్గరా తనివితీరా వాసన చూడనిస్తాం. ఇంటికి వచ్చాక తిండి గిన్నెలో పోయకుండా పాత తువ్వాలు మడతల్లో చల్లి చుట్టేసి ఇస్తాం. అది విప్పుకుంటూ తినడానికి ఇరవై నిమిషాలు. మొదట కొన్నాళ్ళు మేము ఇంట్లో ఉన్నప్పుడే ఇచ్చి, గుడ్డ నమిలి మింగే రకం కాదని చూసుకున్నాం. గోళీకి ఇది ఇప్పుడే పనికిరాదేమో, భయంలో ముట్టదుగా.

గోళీ వాళ్ళ అమ్మ:

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

రికార్డు చేశాను. ఆఫీసు భోజన విరామంలో చూడటం మొదలుపెట్టి, ఆరో నిమిషంలో ఆపేసి బయటికి వెళ్ళిపోయాను. మిగతాది రాత్రి చూశాను. అది మొదట తలుపు దగ్గరికి వెళ్ళలేదు. నా కుర్చీ కిందికి వెళ్ళింది. అక్కడ చుట్టూ తిరిగి, పైకి చూసి, మళ్ళీ తిరిగి, అప్పుడు తలుపు దగ్గరికి పరుగెత్తింది. రొప్పడం, చొంగ, అన్నీ పెద్దాయన చెప్పినట్టే. గోళ్ళతో గీకేటప్పుడు వెనక కాళ్ళు నేల మీద జారిపోతున్నాయి. కోపం ఎక్కడా లేదు. చెక్క ముక్క ఆ రాత్రే పారేశాను.

మూత్ర పరీక్షలో ఏమీ లేదు. డాక్టరు ఇంకో నెల సాధన చేసి చూద్దాం, మందుల సంగతి అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయడానికి ఆఫీసులో ఒప్పుకున్నారు, అడిగితే ఇంత తేలిగ్గా ఇస్తారని తెలియక మూడు వారాలు అడగలేదు. మిగతా మూడు రోజులకు ఎవరిని అడిగానో చెబితే నవ్వుతారు: పక్కింటావిడనే. పగలంతా ఆ ఏడుపు వినడం కంటే కుక్కే తన దగ్గర ఉండటం నయం అన్నారు. గోళీ వాళ్ళింట్లో ఆవిడ కుర్చీ కింద పడుకుంటోందట. నాకు కొంచెం అసూయగా ఉంది.

తాళాలకు ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు. తలుపు బయట నిలబడటం 5 సెకన్లతో మొదలుపెట్టాను. పదో రోజుకు 7 నిమిషాలు దాటాం. మెట్ల మీద కూర్చుని ఫోనులో దాన్ని చూస్తూ ఉంటాను, వచ్చేపోయేవాళ్ళు తాళం పోగొట్టుకున్నానేమో అనుకుంటున్నారు. ఈరోజు 23 నిమిషాలు. పద్దెనిమిదో నిమిషంలో లేచి గిన్నె దగ్గరికి వెళ్ళింది. ఒక్క గింజ నోట కరుచుకుని, గుమ్మం ముందుకు తెచ్చుకుని, తలుపు వైపు చూస్తూ నమిలింది. ఒక్కటే. నేను లేనప్పుడు అది తినడం ఇదే మొదటిసారి.

పెద్దాయనా, రేపు 25 చేయనా?

మూడు కుక్కల ముసలాయన:

వద్దమ్మా. రేపు పది చాలు.