ఆర్‌జేగా చేస్తూ ప్రోగ్రామింగ్ హెడ్‌గా వెళ్లొచ్చా? వైజాగ్ వాళ్లు చెప్పండి

సాయంత్రం_గొంతు:
ఇక్కడ ఒక ప్రైవేట్ ఎఫ్‌ఎమ్‌లో ఈవెనింగ్ షో చేస్తున్నా గురూ, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నోళ్లంతా మనవాళ్లే. మా హెడ్ హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, ఆ సీట్లో నన్ను కూర్చోమంటున్నారు. జీతం పెరుగుద్ది గానీ షో వదిలేయాలంట. ఇంట్లో అందరూ ఎగిరి గంతేస్తున్నారు, నాకే మనసొప్పట్లేదు. ఈ రూట్లో వెళ్లినోళ్లుంటే చెప్పండి.

పాత_మైకు:
నేను చేశాను తమ్ముడూ, వేరే ఊళ్లో. ప్రమోషన్ అనుకుని వెళ్లకు, అది ఉద్యోగమే వేరు. ఇప్పుడు పాట మొదలై సింగర్ గొంతు వచ్చేలోపు లింక్, అదే పాటల మధ్య నువ్వు చెప్పే మాట, దించేస్తే నీ పని అయిపోద్ది, అక్కడ గంట మొత్తం నీ నెత్తిమీదే. క్లాక్ గీయాలి, అంటే గంటలో ఏది ఎప్పుడు రావాలో ప్లాన్ వేయాలి, బ్రేక్ ఎక్కడ పడాలి, కొత్త పాట రోజుకి ఎన్నిసార్లు తిరగాలి, ఒకే సింగర్ వెంటవెంటనే రాకుండా షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో రూల్స్ పెట్టాలి, ఇంతా చేసి నీకు నచ్చిన పాట వేసుకుంటావా అంటే అదీ లేదు. ఇక సేల్స్ వాళ్లతో రోజూ పంచాయితీయే. జగదాంబలో బట్టల షాపాయన తన పేరు లింక్‌లో మూడుసార్లు అనాలంటాడు, వినేవాడు స్టేషన్ మార్చేయకుండా అది ఎలా అనిపించాలో నువ్వే చూసుకోవాలి. నాకు నచ్చింది ఒక్కటే, కొత్త పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల రికార్డింగులు వింటూ "జోకు ఇక్కడే అయిపోయింది, తర్వాత ఎందుకు మాట్లాడావు" అని ఆపి చూపించడం.

గాజువాక_రాజు:
వాన పడితే మీ ఎఫ్‌ఎమ్‌లో వార్తలు చెప్పరేటండీ మరి?

పాత_మైకు:
సొంత వార్తలు చెప్పకూడదండీ, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చంతే. ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, నీళ్లు, పరీక్షల రిజల్ట్స్ లాంటివి చెప్పొచ్చు. ఆర్‌జే ఊపులో గీత దాటాడంటే సంజాయిషీ హెడ్డే ఇచ్చుకోవాలి.

సిరిపురం_అక్క:
మా ఆకాశవాణిలో అయితే ఈ ప్రశ్నే రాదు బాబూ. ఆడిషన్ పాసై, వాణి అని అనౌన్సర్ల ట్రైనింగ్ కోర్సు చేసి కాజువల్ అనౌన్సర్ (పర్మనెంట్ కాదు) అయినా, ప్రోగ్రాములు చూసుకునే ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి సెలెక్షన్ వేరే, ఎన్నేళ్లు చేసినా ఆ కుర్చీ మనదవ్వదు. నిన్ను పిలిచి ఇస్తున్నారు కదా, ఆదివారం షో ఒకటి ఉంచమని బేరమాడు. రాతలో పెట్టించుకో, నోటిమాటైతే నెల తిరిగేసరికి మర్చిపోతారు.

సాయంత్రం_గొంతు:
ఆదివారం షో సంగతి నాకు తట్టనేలేదక్కా, సోమవారం మీటింగ్‌లో అడుగుతా. మైక్ మొత్తానికి ఇవ్వనంటే మాత్రం నేను రాను అనేస్తా, ఇంట్లో ఎలా చెప్పాలో తర్వాత చూస్కుందాం.