క్రూసేడర్ ట్యాంకు ఎడారిలో ఎందుకు మొరాయించేది?

పర్లాకిమిడి కుర్రాడు: అన్నలూ, కాలేజీ ఎగ్జిబిషన్‌కి రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ట్యాంకు క్రూసేడర్ మోడల్ చేస్తున్నాం, ఇంజన్ గది తెరిచి ఉంచుతాం. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో దాన్ని ముంచిన భాగాలేవి?

రాయగడ మెకానిక్: తమ్ముడూ, ముందు వాటర్ పంపులు చూపించు. ఇసుక చేరి నీరు కారేది, ఇంజన్ కాగిపోయేది. ఫ్యాన్లు చైన్‌తో తిరిగేవి. చైన్ తెగితే బండి అక్కడే. తర్వాతి వాటిలో షాఫ్ట్ పెట్టారు. ఎయిర్ క్లీనర్లేమో వెనక ట్రాక్ గార్డుల (ట్యాంకు పట్టాల పైనుండే రేకుల) మీద, సరిగ్గా దుమ్ము లేచేచోట! నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

గుణుపురం మాస్టారు: ఇంజన్ కూడా పాతదే బాబూ. 1917 నాటి లిబర్టీ అనే విమాన ఇంజన్ డిజైన్, 27 లీటర్లు, 340 హార్స్‌పవర్. తర్వాతి బ్రిటిష్ ట్యాంకు క్రామ్‌వెల్‌లోని మీటియర్ ఇంజన్ కూడా 27 లీటర్లే, శక్తి మాత్రం 600. అది మెర్లిన్ విమాన ఇంజనే, సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) తీసేశారంతే.

రాయగడ మెకానిక్: క్రూసేడర్‌లో మూడో రకం, మార్క్ 3 చేస్తే 6 పౌండర్ గన్ (సుమారు 6 పౌండ్ల గుండు పేల్చేది) పెట్టు. టరెట్‌లో (గన్ ఉండే తిరిగే గదిలో) ఇద్దరినే కూర్చోబెట్టు, మూడోవాడికి చోటుండదు.