జలగ లాలాజలంతో థ్రాంబిన్ ఆగుతోంది, కానీ అది హిరుడినేనా?

ప్రశ్న
మనిలెన్సిస్ జాతి జలగల లాలాజలంతో థ్రాంబిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైమ్) పరీక్ష చేస్తున్నాం. దాన్ని ఆపేది హిరుడిన్ (జలగ లాలాజలంలోని ప్రోటీన్) కావచ్చు. థ్రాంబిన్ కోస్తే పసుపు రంగు వదిలే ఎస్-2238 సబ్‌స్ట్రేట్, 405 నానోమీటర్ల రీడింగ్, థ్రాంబిన్ 1 నానోమోలార్. లాలాజలం పడగానే పసుపు రంగు ఆగిపోతోంది. పొట్టలో మిగిలిన పాత రక్తంలోని యాంటీథ్రాంబిన్ (థ్రాంబిన్‌ని ఆపే రక్త ప్రోటీన్) వల్ల కూడా ఇలా అవుతుందా? ఇంకోటి, కొన్న శుద్ధ హిరుడిన్‌తో ఐసీ50 (థ్రాంబిన్ పనిని సగానికి తగ్గించే మోతాదు) ఎన్నిసార్లు చేసినా 0.5 నానోమోలార్ దగ్గరే వస్తోంది. ఫెమ్టోమోలార్ (నానోమోలార్‌లో పది లక్షలో వంతు) బలం అంటారు కదా, మరి ఇదేంటి?

జవాబు 1
ముందు రెండోది. ఒక హిరుడిన్ అణువు ఒక థ్రాంబిన్ అణువును పట్టుకుంటుంది, మళ్లీ దాదాపు వదలదు. 1 నానోమోలార్ థ్రాంబిన్‌లో సగం ఆగాలంటే 0.5 నానోమోలార్ హిరుడిన్ పడాల్సిందే. అంటే మీరు కొలుస్తున్నది మీరే వేసిన థ్రాంబిన్‌ని. థ్రాంబిన్‌ని 50 పికోమోలార్‌కి దించండి, సబ్‌స్ట్రేట్ పెంచండి, ఎక్కువసేపు చదవండి, మోరిసన్ సమీకరణంతో (గట్టి పట్టున్న నిరోధకాలకి వాడేది) లెక్కకట్టండి. ఇంత పలచన చేస్తే థ్రాంబిన్ ప్లాస్టిక్‌కి అతుక్కుని మాయమవుతుంది, దాన్ని నిరోధం అనుకుని మోసపోతారు. బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ప్లాస్టిక్‌ని కప్పేసే ఆవు రక్త ప్రోటీన్) వేసి, హిరుడిన్ లేని వెల్ ఒకటి చివరిదాకా నడపండి.

ఈస్ట్‌లో చేసిన హిరుడిన్‌కి 63వ టైరోసిన్ మీద సల్ఫేట్ ఉండదు. సహజమైనదానికంటే పట్టు సుమారు పది రెట్లు తక్కువ. డబ్బా మీద ఏది రాసుందో చూడండి.

జవాబు 2
యాంటీథ్రాంబిన్ అనుమానం వేడితో తేలిపోతుంది. నమూనాని 70 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీటితో మళ్లీ పరీక్షించండి. యాంటీథ్రాంబిన్ చెడిపోతుంది. మూడు డైసల్ఫైడ్ బంధాలున్న హిరుడిన్ తట్టుకుంటుంది. అసలు హెపారిన్ (యాంటీథ్రాంబిన్ పనిని వేగవంతం చేసే మందు) లేకుండా అంత వేగంగా ఆగిందంటేనే యాంటీథ్రాంబిన్ కాదనే చెప్పొచ్చు.

సేకరణలోనే జాగ్రత్త పడితే ఇంకా మేలు. కొన్ని నెలలు ఆకలితో ఉంచిన జలగకి పారాఫిల్మ్ పొర కింద 37 డిగ్రీల ద్రావణం పెట్టండి: 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఆర్జినిన్. కక్కించిన ద్రవంలో ఏమాత్రం ఎరుపు కనిపించినా పారబోయండి.

జవాబు 3
ఒక్క థ్రాంబిన్‌తో ఆగిపోకండి. వాపులో పాల్గొనే ఎంజైమ్‌లైన ఎలాస్టేజ్, కెథెప్సిన్-జి, ట్రిప్టేజ్‌లతో కూడా చూడండి. ఔషధ జలగలో మొదటి రెంటినీ ఎగ్లిన్-సి అనే ప్రోటీన్ ఆపుతుంది, ట్రిప్టేజ్‌ని ఆపేది వేరే చిన్న ప్రోటీన్. వాపు సంబంధిత పరిశోధనకి నా దృష్టిలో అసలు సరుకు అదే. థ్రాంబిన్ దారి చాలావరకు తొక్కేశారు. హిరుడిన్‌నే మందుగా చేసిన లెపిరుడిన్ వచ్చింది, 2012లో తయారీ ఆగింది. కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో పేరుకుపోయేది, విరుగుడు లేదు, హెపారిన్‌కి విరుగుడైన ప్రోటమిన్ దీని మీద పనిచేయదు. పట్టు మరీ గట్టిదైతే మందుగా అదే ఇబ్బంది. హిరుడిన్‌ని అనుకరించి చేసిన 20 అమైనో ఆమ్లాల మందు బైవాలిరుడిన్‌ని థ్రాంబిన్ తనే మెల్లగా కోసుకుని బయటపడుతుంది. కిడ్నీలు బాగుంటే సగం ఆయువు 25 నిమిషాలే.