తలకిందుల గబ్బిలం: ఆ ‘దావ్’ ఏ దావ్?

సన్నజాజి: సింగపూర్‌లో మా పక్కింటి చైనా బామ్మగారి గోడ మీద ఒక పింగాణీ పళ్ళెం ఉండేది. మధ్యలో ఆయుష్షుకి గుర్తుగా గుండ్రంగా రాసిన ‘షోవ్’ అక్షరం, చుట్టూ ఐదు ఎర్ర గబ్బిలాలు. రెక్కల కొసలు మేఘాల్లా చుట్టలు చుట్టుకుని ఉంటే మొదట సీతాకోకచిలుకలనుకున్నాను. తలకిందులుగా ఉన్న ఒకదాన్ని చూపించి ఆవిడ ‘ఫు దావ్ ల’ అనో ‘దావ్ ఫు ల’ అనో అనేవారు. దావ్ అంటే ‘వచ్చింది’ అనా, ‘తిరగబడింది’ అనా? రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది.

పాతపుస్తకం: ‘ఫు దావ్ ల’ అండీ. రెండర్థాలూ ఉన్నాయి. గబ్బిలమూ ఫు, అదృష్టమూ ఫు. తిరగబడటమూ దావ్, చేరుకోవటమూ దావ్. ‘గబ్బిలం తిరగబడింది’ అంటే ‘అదృష్టం వచ్చేసింది’ అని వినిపిస్తుంది. కొత్త సంవత్సరానికి తలుపు మీద ఫు అక్షరాన్ని తలకిందులుగా అంటించేదీ ఇందుకే. చక్కటి శ్లేష.

తుంగభద్ర: శ్లేష అనేముందు స్వరం, అంటే చైనా భాషలో మాట పలికేటప్పటి గొంతు ఎత్తుపల్లాలు, చూడాలి కదండీ. పడిపోవడానికి వాడే దావ్‌ది మూడో స్వరం, చేరడానికి వాడేది నాలుగో స్వరం. స్వరం మారితే వాళ్ళకి అది వేరే మాటే. మనకి ‘పలక’కీ ‘పాలక’కీ ఎంత దూరమో అంత.

పాతపుస్తకం: ఆ అక్షరానికి రెండు ఉచ్చారణలున్నాయి. కూలడానికి మూడో స్వరం, తలకిందులవడానికి నాలుగోది. గబ్బిలం కూలలేదు, తలకిందులైంది. అతికినట్టు సరిపోయింది. ఎరుపూ ఊరికే వెయ్యలేదు. ‘హొంగ్ ఫు’ అంటే ఎర్ర గబ్బిలం, అపారమైన భాగ్యం కూడా. స్వరంలో వెంట్రుకవాసి తేడా లేదు.

తుంగభద్ర: అన్నీ అలా అతకవు. పిల్లీ సీతాకోకచిలుకా కలిసిన బొమ్మని ‘మావ్ దియె’ అంటారు. పండు వృద్ధాప్యానికీ ‘మావ్ దియె’నే. పిల్లి మావ్‌ది ఒకటో స్వరం, వృద్ధాప్యపు మావ్‌ది నాలుగోది. అయినా దీర్ఘాయుష్షు కోరుతూ ఆ బొమ్మ గీస్తారు. అందుకే మాటని విరిచి రెండర్థాలు తీసే సభంగం, విరవకుండానే తీసే అభంగం అనే మన శ్లేషల లెక్క దీనికి చాలదంటాను.

మొల్లతోట: అసలు ‘దావ్’ అని రాయడం దగ్గరే నాకు అభ్యంతరం. రోమన్ లిపిలో ‘డి’ ఉన్నా పలికేది మన ‘త’కి దగ్గరగా ఉంటుంది. ‘తావ్’ అనాలి.

గబ్బిలం మాటొచ్చింది కాబట్టి జాషువాని తలుచుకోకుండా ఉండలేను. ఇంట్లోకొస్తే అపశకునమని మనం తరిమేసే గబ్బిలాన్ని 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో ఆయన ‘ఖగరాజ్ఞి’ అని పిలిచి, కాశీలో శివుడికి సందేశమిచ్చి పంపారు. ఆ సందేశం పంపే అంటరాని మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికుంది. పైగా తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి శివుడి చెవి దానికి దగ్గర. అక్కడా తలకిందులవడమే దాని అర్హత! ఆ చోటు చదివినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది.

పాతపుస్తకం: నాకూ అంతేనండీ. కానీ జాషువా గబ్బిలానికి పేరులోని శబ్దంతో పనిలేదు, దాని బతుకుతోనే పని. చైనా గబ్బిలానికి ఆ పేరు లేకపోతే పళ్ళెం మీద చోటే లేదు. ఆ ఐదూ ‘షూచింగ్’ అనే ప్రాచీన చైనా గ్రంథం చెప్పిన ఐదు ఫులు: దీర్ఘాయుష్షు, సంపద, ఆరోగ్యం, సద్గుణం మీద ప్రేమ, నిండు ఆయుష్షు తీరాక సహజంగా కన్నుమూయడం. ఐదోదాన్ని భాగ్యమని లెక్కపెట్టిన వాళ్ళకి దండం పెట్టాలి.

తుంగభద్ర: సన్నజాజి గారూ, ఒక్క సందేహం. ఐదు గబ్బిలాల తలలూ మధ్యనున్న అక్షరం వైపే ఉన్నాయా? అలాగైతే పైనున్నది ఎలాగూ తలకిందులుగానే కనిపిస్తుంది. తలుపు మీది ఫు అక్షరం గురించి అనే మాటని బామ్మగారు అక్కడ సరదాగా వాడి ఉంటారు.

సన్నజాజి: తలలు ఎటున్నాయో గుర్తు రావట్లేదండీ. ఆవిడ వేలు మాత్రం పళ్ళెం పై అంచు దగ్గరే ఆగేది.

మొల్లతోట: తావ్ సంగతి ఎవరూ తేల్చలేదు.