విదేశంలో విలాసవంతమైన ఇల్లు: చేతికి వచ్చేది యాజమాన్యమా, లీజా?

ప్రశ్న

నమస్కారం. విదేశంలో ఒక మంచి ఇల్లు కొనాలని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో సముద్రానికి అభిముఖంగా ఉన్న విల్లా, దుబాయ్‌లో ఇంకా నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంట్, మయామీలో ఒక ఫ్లాటు నా పరిశీలనలో ఉన్నాయి. విల్లా స్థలాన్ని 30 ఏళ్ల లీజుకు ఇప్పిస్తామని, మరో రెండుసార్లు పొడిగించే షరతు ఒప్పందంలోనే ఉంటుంది కనుక 90 ఏళ్లు నిశ్చింతగా ఉండవచ్చని ఏజెంటు చెబుతున్నారు. అది నచ్చకపోతే అక్కడే ఒక కంపెనీ పెట్టి, దాని పేరిట స్థలం కొనవచ్చునని కూడా అంటున్నారు. ఈ మాటలను ఎంతవరకు నమ్మవచ్చు? ఇల్లు కొంటే ఆ దేశంలో నివాస అనుమతి లభిస్తుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ముందు విల్లా సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు చెప్పిన మూడింటిలో ఎక్కువ చిక్కు అక్కడే ఉంది. థాయిలాండ్‌లో విదేశీయులు సాధారణంగా భూమికి యజమానులు కాలేరు. లీజు కాలం మూడేళ్లు దాటితే భూమి కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. అలా రిజిస్టరు చేయగలిగిన గరిష్ఠ కాలం 30 ఏళ్లు మాత్రమే. చనోట్ అనే భూమి పట్టాను తిప్పి వెనుక వైపు చూడండి. లీజు నమోదయ్యేది అక్కడే, అక్కడ కనిపించేది ఆ మొదటి 30 ఏళ్లే. ఆ తరువాతి పొడిగింపు స్థలం యజమాని ఇచ్చిన మాట మాత్రమే. ఆయన మరణించినా, స్థలాన్ని మరొకరికి అమ్మినా, కొత్త యజమాని ఆ మాటకు కట్టుబడతారన్న భరోసా లేదు. కాబట్టి 90 ఏళ్ల హక్కుకు తగిన ధర చెల్లించి 30 ఏళ్ల హక్కును కొనకండి.

కంపెనీ మార్గం ఇంతకంటే ప్రమాదకరం. సొంత డబ్బు పెట్టకుండా పేరుకు మాత్రమే స్థానికులను వాటాదారులుగా చూపడం అక్కడ నేరం, పైగా ఆ స్థలాన్ని గడువులోగా అమ్మివేయవలసిందిగా అధికారులు ఆదేశించవచ్చు. పూర్తి యాజమాన్యమే కావాలనుకుంటే కాండోమినియంలో, అంటే ఒక్కో ఫ్లాటుకు విడిగా యజమాని ఉండే భవనంలో, ఫ్లాటు చూడండి. ఒక కాండోమినియంలోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయుల పేరిట ఉండవచ్చు. అయితే సొమ్ము విదేశీ మారకంలో బయటి నుంచి వచ్చినట్లు బ్యాంకు ఇచ్చే పత్రం రిజిస్ట్రేషన్ సమయంలో చూపవలసి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి, తరువాత ఫ్లాటు అమ్మి డబ్బు వెనక్కి పంపుకునేటప్పుడు కూడా అదే అక్కరకు వస్తుంది.

రెండవ సమాధానం

దుబాయ్‌లో నిర్దేశిత ప్రాంతాల్లో విదేశీయులకు పూర్తి యాజమాన్య హక్కు లభిస్తుంది. భూమి శాఖకు చెల్లించే బదిలీ రుసుము ధరలో 4 శాతం. నిర్మాణంలో ఉన్న ఇంటికి సంబంధించి 2007 నాటి చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ము ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాలోనే, అంటే ఆ నిర్మాణానికే వాడేలా సొమ్మును విడిగా కాపాడే ఖాతాలోనే, జమ కావాలి. ప్రతి వాయిదాకు ముందు ఖాతా ఎవరి పేరిట ఉందో చదవండి. బిల్డరు సొంత ఖాతాకో, ఏజెంటు ఖాతాకో పంపమంటే అక్కడితో ఆగిపోండి.

నివాస అనుమతి గురించి అడిగారు. ఆస్తి విలువ 20 లక్షల దిర్హాములు, అంతకు మించి ఉంటే గోల్డెన్ వీసాకు, అంటే పదేళ్ల నివాస అనుమతికి, దరఖాస్తు చేయవచ్చు. కానీ ఇటువంటి పథకాలు శాశ్వతమని అనుకోవద్దు. పోర్చుగల్ 2023లో ఆస్తి కొనుగోలు మార్గాన్ని మూసివేసింది, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో అదే పని చేసింది. వీసా లేకపోయినా కొనదగిన ఇల్లేనా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

మూడవ సమాధానం

మయామీ విషయంలో కొనడం కంటే తరువాతి ఘట్టాలే కష్టం. అమెరికా పౌరులు కాని, అక్కడ స్థిర నివాసం లేని వ్యక్తి మరణిస్తే, అక్కడి ఆస్తిలో సాధారణంగా 60,000 డాలర్లకు మాత్రమే ఎస్టేట్ పన్ను (మరణించినవారు వదిలివెళ్లిన ఆస్తిపై వేసే పన్ను) మినహాయింపు ఉంటుంది. ఆపైన పన్ను 40 శాతం దాకా వెళుతుంది. కొన్ని దేశాలతో ఉన్న ఒప్పందాల వల్ల ఇది మారవచ్చు. విలువైన ఫ్లాటు విషయంలో కుటుంబంపై పడే భారం ఎంతో ఊహించండి. బతికుండగా అమ్మినా, సాధారణంగా అమ్మకపు ధరలో 15 శాతాన్ని కొనేవారు పట్టి ఉంచి పన్ను శాఖకు చెల్లిస్తారు. అసలు పన్ను అంతకంటే తక్కువైతే రిటర్ను దాఖలు చేసి మిగతాది తిరిగి పొందవచ్చు. మీ పేరిట కొనాలా, కంపెనీ ద్వారా కొనాలా అన్నది కొనడానికి ముందే పన్ను నిపుణుడితో తేల్చుకోండి. తరువాత మార్చుకోవడం చాలా ఖర్చుతో కూడిన పని.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. విల్లా ఆలోచన విరమించుకుంటున్నాను. ఒక్క సందేహం: బిల్డరు తరఫు న్యాయవాదే నాకూ పత్రాలు చూసిపెడతారని, పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలని అంటున్నారు. అది సరైనదేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

వద్దండి. ఆ న్యాయవాదికి ఫీజు ఇచ్చేది బిల్డరు. అమ్మకందారుతో ఎటువంటి సంబంధమూ లేని, అక్కడ లైసెన్సు ఉన్న న్యాయవాదిని మీరే వెతికి పెట్టుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ తప్పనిసరైతే ఆ ఒక్క ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కే పరిమితం చేసి, గడువు తేదీ రాయించండి. అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం అందులో ఉండకూడదు.