పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ పరీక్షకు అమ్మను వెంటబెట్టుకెళ్లాల్సిందేనా?

మర్చిపోయిన_టీ:
నాకు 31. హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురులేకపోవడం ఉండే సమస్య) అనుమానంతో పోయిన వారం సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. నలభై నిమిషాలు మాట్లాడారు, ఆరు ప్రశ్నల కాగితం ఒకటి నింపించారు. చివర్లో "వచ్చేసారి మీ అమ్మగారిని తీసుకురండి, కుదరకపోతే చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులైనా" అన్నారు. ఇంట్లో ఈ సంగతి తెలీదు. సంబంధాలు చూస్తున్నారు. సైకియాట్రిస్ట్ అన్న మాట వింటే అమ్మ వెంటనే మా మేనమామకు ఫోన్ చేస్తుంది, సాయంత్రానికి భీమవరమంతా తెలిసిపోతుంది. 31 ఏళ్ల మనిషి మాటకు అమ్మ సాక్ష్యం కావాలా? మీరేమంటారు?

బోడుప్పల్_బ్యాచిలర్:
అక్కర్లేదనే అంటాను. పన్ను నొప్పి అని వెళ్తే అమ్మను తెమ్మంటారా? డాక్టర్‌ని మార్చండి. ఆన్‌లైన్‌లో అరగంటలో తేల్చేస్తున్నారు.

వేపచెట్టు_నీడ:
అరగంటలో తేల్చేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. నేను క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేస్తున్నాను, రోజూ చూస్తున్నదే చెబుతున్నాను. మీరు నింపిన ఆరు ప్రశ్నలు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన 18 ప్రశ్నల పత్రంలో మొదటి భాగం. జల్లెడ లాంటిది. అందులో ఎక్కువ మార్కులొస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం, అంతే.

పన్ను నొప్పితో పోలిక ఇక్కడ కుదరదు. దీనికి రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. మానసిక సమస్యలు తేల్చడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5 (2013లో వచ్చింది) ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లకు పరధ్యానం వైపు గానీ, కుదురులేనితనం వైపు గానీ కనీసం 5 లక్షణాలుండాలి. ఇల్లు, ఆఫీసు లాంటి రెండు చోట్లైనా ఇబ్బంది పెట్టాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. పాత నియమంలో ఇది 7 ఏళ్లే. పాతికేళ్లకు కొత్తగా మొదలైన మతిమరుపైతే ముందు థైరాయిడ్, నిద్ర, డిప్రెషన్, ఆందోళన చూడాలి. అందుకే చిన్నప్పటి సంగతులు తవ్వుతారు. మీ మాట నమ్మక కాదు. ఏడేళ్లప్పుడు మనం ఎలా ఉండేవాళ్లమో మనలో ఎవరికి సరిగా గుర్తుంటుంది?

బోడుప్పల్_బ్యాచిలర్:
సరే, మరి అమ్మానాన్నలు పోయినవాళ్ల సంగతి? మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటివాణ్ణి నేనే. మా అమ్మ ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసేది, అందులో ఏముందో ఆమెకేం తెలుసు? వానాకాలం ఇల్లు కురిసి పుస్తకాలతో పాటు కార్డులూ పోయాయి. అయితే మాలాంటివాళ్లకు ఆ జబ్బు లేనట్టేనా?

వేపచెట్టు_నీడ:
ఈ మాట ఒప్పుకుంటున్నా. సాక్షి లేరని పరీక్షే ఆపేసే డాక్టర్ ఉంటే అది తప్పే. ఉంటే మేలు, లేకపోతే మీరు చెప్పే సంగతుల్లోంచే వెతకాలి.

గోదారిగట్టు_మాస్టారు:
27 ఏళ్లు హైస్కూల్లో చెప్పాను. కుదురులేని పిల్లలు ఎప్పుడూ ఉన్నారు, అందరూ బాగానే బతుకుతున్నారు. ఇప్పుడు రీల్స్ చూసి ప్రతివాళ్లూ నాకూ ఉందంటున్నారు. తల్లీ, ఓ నెల ఫోన్ పక్కన పెట్టి చూడు.

ఆరో_అలారం:
మాస్టారూ, నా ఆరో తరగతిలో ఫోన్లు లేవు. అయినా నెలకో జామెట్రీ బాక్సు పోగొట్టేవాణ్ణి.

టీ గారూ, నాకు రెండేళ్ల క్రితం, 36 ఏళ్లప్పుడు పరీక్ష జరిగింది. రెండు సిట్టింగులు. రెండోది దివా అనే ఇంటర్వ్యూ, గంటన్నర పట్టింది. ఒక్కో లక్షణం గురించి ఇప్పుడెలా ఉంది, చిన్నప్పుడెలా ఉండేది అని విడివిడిగా అడుగుతారు. ఉందా లేదా అని కాదు, ఉదాహరణ చెప్పమంటారు. అక్కడ తెల్లమొహం వేయకుండా ముందే రాసుకెళ్లండి.

మా నాన్నను తీసుకెళ్లాను. ఆయనేమన్నారో తెలుసా? "మావాడికి ఏ లోపమూ లేదు సార్, ఇంటర్లో 940." డాక్టర్ నవ్వి, ఇంటర్ ఎక్కడ చదివాడని అడిగారు. రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారుజామున అయిదింటికి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, వెనకాలే వార్డెన్. నా బుర్ర చేయాల్సిన పనంతా ఆ బెల్లే చేసింది! ఇంజనీరింగ్‌కి వచ్చాక లేపేవాడు లేడు, మొదటి ఏడాదే ఆరు బ్యాక్‌లాగ్‌లు. మార్కులు చూసి లేదనుకోకూడదని నాకు అప్పుడు అర్థమైంది. అందుకే అంటున్నా, అమ్మానాన్నలు ఎప్పుడూ మంచి సాక్షులు కారు. పరువుకు భయపడో, ప్రేమకొద్దో దాచేస్తారు.

వేపచెట్టు_నీడ:
ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. అబ్బాయి బెంచీ ఎక్కితే టీచరు కంట్లో పడతాడు. అమ్మాయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే నెమ్మదస్తురాలని మెచ్చుకుంటారు. మాస్టారు గారు చెప్పిన "బాగానే బతుకుతున్నారు"లో వీళ్లెంతమంది ఉన్నారో మరి.

గోదారిగట్టు_మాస్టారు:
ఆ కిటికీ పిల్లలు నాకూ గుర్తున్నారు. అయినా మందుల దాకా ఎందుకన్నదే నా ప్రశ్న.

ఆరో_అలారం:
పరీక్ష చేయించుకుంటే మందు వేసుకోవాల్సిందేనని లేదు మాస్టారూ. వేసుకున్నా చాక్లెట్లలా దొరకవు. దీనికి వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకం మీద గట్టి నిఘా ఉండే మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాడు రెండేళ్లు దాచాలి. మొదలుపెట్టే ముందు నాకు బీపీ, నాడి చూశారు, ఇంట్లో గుండె జబ్బులున్నాయా అని అడిగారు. బోడుప్పల్ బ్రో, 2020 టెలిమెడిసిన్ నియమాల ప్రకారం దీన్ని ఆన్‌లైన్‌లో రాయకూడదు కూడా. ఎటూ మనిషి వెళ్లాల్సిందే.

వేపచెట్టు_నీడ:
టీ గారూ, ఇంకో మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉండటం మీ హక్కు. అమ్మను పిలవాలా వద్దా అన్నది మీ ఇష్టం. చిన్నప్పుడు మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా సరే, పిన్నో, తోబుట్టువో.

మర్చిపోయిన_టీ:
పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. ట్యాబ్ తెరిచే ఉంది, నేనే మర్చిపోయాను.

అక్కను తీసుకెళ్లాను. నాకంటే ఏడేళ్లు పెద్దది. టిఫిన్ డబ్బా బళ్లో వదిలేసి వచ్చేదాన్నని రోజూ సాయంత్రం మళ్లీ నడిచి వెళ్లి తెచ్చేదట. పరీక్ష ముందురోజు హాల్ టికెట్ దాని దగ్గరే ఉండేది. నాకు ఒక్కటీ గుర్తులేదు. డాక్టర్ ఇంకా ఏదీ తేల్చలేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ రాశారు, నిద్ర గురించి చాలా అడిగారు. దివా వచ్చే వారం.

బయటికొచ్చి ఆటో ఎక్కాక అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ ఆరు ప్రశ్నల కాగితం నాకూ ఒకటి పంపు అంది. పంపాను. రిపోర్టులు మాత్రం ఈసారి నా దగ్గరే పెట్టుకున్నా.