పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ కెరీర్ తొందరగా ముగుస్తుందా?

డల్లాస్_బాబాయ్:
ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ మా అబ్బాయితో పెద్ద గొడవే అయింది, తేల్చుకుందామని ఇక్కడ పెడుతున్నా. నా మాట ఒక్కటే: క్వార్టర్‌బ్యాక్ అన్నవాడు, అంటే బంతి విసిరి జట్టును నడిపేవాడు, తనను కాచే లైన్‌మెన్ వెనక, పాకెట్ అనే ఆ రక్షణ వలయంలో నిలబడి బంతి విసరాలి. కాళ్లను నమ్ముకున్నవాడు ఎక్కువ కాలం నిలవడు. 2020 అక్టోబర్‌లో జెయింట్స్ జట్టు మీద మా డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతి పట్టుకుని పరుగు తీశాడు, చీలమండ విరిగింది, సీజన్ అక్కడితో సరి. రాబర్ట్ గ్రిఫిన్ 2012లో వచ్చీ రాగానే 815 గజాలు పరుగెత్తాడు. డిసెంబర్‌లో పరుగెత్తుతుంటేనే మోకాలికి దెబ్బ, జనవరి ప్లేఆఫ్‌లో అదే మోకాలు పూర్తిగా పోయింది. మళ్లీ ఆ గ్రిఫిన్ కనిపించలేదు. క్యామ్ న్యూటన్ 2015లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, 2020 మార్చికల్లా ఆయన జట్టు పాంథర్స్ వదిలించుకుంది, అప్పటికి వయసు ముప్పై. అటు పాకెట్‌లో నిలబడే టామ్ బ్రేడీ 45 ఏళ్ల దాకా ఆడాడు. ఇంకేం కావాలి?

పల్నాడు_బ్లిట్జ్:
బాబాయ్ గారూ, పేర్లు సరే, ఆ దెబ్బలు ఎలా తగిలాయో కూడా చెప్పాలి కదా. డాక్, గ్రిఫిన్ వరకు ఒప్పుకుంటా. న్యూటన్ సంగతి వేరు. 2016 డిసెంబర్‌లో ఛార్జర్స్ మీద ఇంటర్‌సెప్షన్ ఇచ్చి, ఆ బంతి పట్టుకున్న ఎదుటి జట్టువాణ్ణి ఆపబోయి భుజం పాడుచేసుకున్నాడు. 2018లో టీజే వాట్ గుద్దాక అదే భుజం తిరగబెట్టింది, అప్పుడు ఉన్నది పాకెట్‌లోనే. 2019 ప్రీసీజన్‌లో పాదం దెబ్బ తిన్నది శాక్‌లో, అంటే బంతి విసిరేలోపే పడగొట్టినప్పుడు. ఇందులో పరుగు ఎక్కడుంది?

లమార్ జాక్సన్‌నే తీసుకోండి. 2019లో 176 సార్లు పరుగెత్తి 1,206 గజాలు తీశాడు, ఆ ఏడాది గాయంతో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. 2021లో చీలమండ పోయింది బంతి విసురుతుండగా. 2022లో మోకాలు పోయింది శాక్‌లో.

ఇక మీ పాకెట్ వీరులు: థైస్‌మన్ కాలు 1985లో లారెన్స్ టేలర్ వచ్చి మీద పడటంతో విరిగింది. కార్సన్ పామర్ మోకాలు 2006 ప్లేఆఫ్‌లో, బంతి చేయి దాటాక. అలెక్స్ స్మిత్‌కు 2018లో కాలు విరిగితే 17 ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. రాడ్జర్స్ మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగింది జెట్స్ తరఫున నాలుగో స్నాప్‌లో, అంటే క్రికెట్‌లో నాలుగో బంతికే అన్నట్టు. అందరూ పాకెట్‌లోనే ఉన్నారు. అంతెందుకు, 2008 మొదటి మ్యాచ్‌లోనే మీ బ్రేడీ మోకాలు కూడా.

నాలుగో_స్నాప్:
ఆ రాత్రి గురించి ఎత్తకండి సార్. బిర్యానీ తెప్పించుకుని కూర్చున్నా. డబ్బా మూత తీసేలోపే మా జెట్స్ సీజన్ అయిపోయింది.

ఫిజియో_కాకినాడ:
నేను అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్లకు ఎప్పుడూ వైద్యం చేయలేదు, కానీ మోకాళ్లు చూడటమే నా పని. పామర్, బ్రేడీల దెబ్బల వీడియోలు నెమ్మదిగా తిప్పి చూడండి. బంతి విసిరేటప్పుడు ఒంటి బరువంతా ముందు కాలి మీదికి వస్తుంది. బూటు మేకులు నేలలో దిగి ఉంటాయి. చూపు ఎక్కడో ముప్పై గజాల అవతల. సరిగ్గా ఆ క్షణంలో ఒకడు పక్కనుంచి మోకాలి మీద పడితే పాదం కదలదు, మోకాలే మెలిపడాలి. పరుగెత్తేవాడు కబడ్డీ రైడర్ లాంటివాడు, వచ్చేవాళ్లలో ఎక్కువ మంది కంటికి కనిపిస్తారు, తప్పుకోవచ్చు, కాలు నేల మీద నుంచి లేస్తూనే ఉంటుంది.

అలాగని పరుగు క్షేమం అనడం లేదు. దెబ్బ తగిలే చోటు మారుతుందంతే. భుజం, తల. ఆంథొనీ రిచర్డ్‌సన్ 2023లో నాలుగు మ్యాచ్‌లకే పరుగులో భుజం మీద పడి ఆపరేషన్ దాకా వెళ్లాడు. టువాకు 2024 సెప్టెంబర్‌లో తలకు దెబ్బ తగిలింది స్లైడ్ చేయకుండా, అంటే నేల మీదికి జారి కూర్చోకుండా, ఎదురెళ్లినందుకే. రూల్స్ సంగతీ ఉంది. బ్రేడీ దెబ్బ తర్వాత 2009లో పాకెట్‌లో ఉన్నవాడి మోకాళ్ల మీదికి దూకడంపై నిబంధన బిగించారు. బంతి పట్టుకుని పరుగు మొదలుపెట్టావా, ఆ రక్షణ పోయినట్టే, స్లైడ్ చేసేదాకా నువ్వూ రన్నింగ్ బ్యాక్‌వే, అంటే బంతితో పరుగెత్తడమే పనైనవాడివే. ఆ స్లైడ్‌నూ పూర్తిగా నమ్మలేం. 2024 డిసెంబర్‌లో ట్రెవర్ లారెన్స్ స్లైడ్ చేశాకే తల మీద కొట్టారు, కొట్టినవాడికి మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది.

డల్లాస్_బాబాయ్:
డాక్టరు గారు చెప్పింది బాగుంది. కానీ నేను అడిగింది ఎన్నాళ్లు ఆడతారు అని. బ్రేడీ, బ్రీస్, రివర్స్, మ్యానింగ్ అన్నదమ్ములు. ఎలై మ్యానింగ్ వరసగా 210 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. ఇటువైపు నుంచి అలాంటివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

పల్నాడు_బ్లిట్జ్:
ఫ్రాన్ టార్కెంటన్. పాకెట్‌లో కాలు నిలవని మనిషి. 1961 నుంచి 1978 దాకా 18 సీజన్లు ఆడి, పాసింగ్ రికార్డులన్నీ పట్టుకుని వెళ్లాడు. స్టీవ్ యంగ్ 37 ఏళ్ల దాకా ఆడాడు, ఆయన్ని ఆపిన దెబ్బ కూడా పాకెట్‌లోనే తగిలింది. రసెల్ విల్సన్ 2012 నుంచి 2021 అక్టోబర్ దాకా ఒక్క మ్యాచ్ మానలేదు, చివరికి మానింది వేలు దెబ్బతిని. మరి ఆండ్రూ లక్ 29కే రిటైరయ్యాడు, ఆయన్ని ఏ ఖాతాలో రాస్తారు?

రేవెన్స్_రజిత:
ఇద్దరూ పరుగులే లెక్కపెడుతున్నారు. లెక్కపెట్టాల్సింది గుద్దులు. విల్సన్ పరుగెత్తేది ఖాళీ ఉన్న వైపు, మనిషి దగ్గరికొచ్చేసరికి కూర్చుంటాడు, లేదా మైదానం పక్క గీత దాటేస్తాడు. బేస్‌బాల్ ఆడినవాడు, స్లైడ్ అలవాటు. న్యూటన్‌ను పాంథర్స్ వాడుకున్నది గోల్ గీత దగ్గర, పదకొండు మంది గుంపులోకి తోయడానికి. అన్నీ కలిపి 2015లో 132 సార్లు పరుగెత్తాడు, 2017లో 139 సార్లు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి కదా, ఏమీ కాదులే అనుకున్నారు. పాకెట్‌లోనే భుజం తిరగబెట్టిందంటే, అప్పటిదాకా తిన్న గుద్దులన్నీ ఆ భుజం మరిచిపోయిందా?

ఇంకోటి. చురుకైన కాళ్లున్నవాడికి బంతి వదలబుద్ధి కాదు, ఇంకో సెకను తప్పించుకుందాం అనుకుంటాడు. శాక్ పడేది ఆ సెకన్లోనే. అది పరుగుల పట్టికలో కనిపించదు. పేటన్ మ్యానింగ్, బ్రేడీ అన్నేళ్లు ఆడారంటే నిలబడినందుకు కాదు, నిలబడకముందే బంతి పంపేసినందుకు. నా భయం జోష్ అలెన్ గురించి. 2018లో మోచేతికి దెబ్బ తగిలాక 2024 దాకా మ్యాచ్ మానింది లేదు, కానీ లైన్‌బ్యాకర్లను, అంటే ఎదుటి జట్టు డిఫెన్స్‌లోని బలమైనవాళ్లను, భుజంతో ఢీకొడతాడు. విల్సన్‌లా కూర్చోవడం నేర్చుకోకపోతే 35కి ఏం మిగులుతుందో.

నాలుగో_స్నాప్:
బంతి పంపేయాలంటే ముందు అందుకునేవాడు ఉండాలిగా. మా జట్టులో అదొక సమస్య.

డల్లాస్_బాబాయ్:
రజితా, గుద్దుల లెక్క ఒప్పుకుంటానమ్మా. మరి ఆ గుద్దులు రాసిచ్చేది కోచే కదా? 2020లో డాక్ తీసింది తప్పించుకునే పరుగు కాదు, ముందే గీసి ఇచ్చిన ఆట. గోల్ దగ్గర రెండు గజాలు కావాలంటే పక్కన రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు, వాడికి జీతం ఇచ్చేదే అందుకు. ఏటా కోట్ల డాలర్లు పోసినవాణ్ణి ఆ గుంపులోకి తోస్తే నేను టీవీ కట్టేస్తా. పాకెట్‌లోంచి బయటికొచ్చి తనంతట తాను తప్పించుకుంటే మాత్రం, సరే, ఇకమీదట మా వాడితో గొడవపడను.